పెద్దోడు, నడిపిది, చిన్నది

గోదావరిఖని
12 జనవరి 1971

ప్రభువునందు ప్రియమైన యేసమ్మ వదినకు,

సుసన్నా వందనములు. దేవుని కృపవల్ల మేమిక్కడ క్షేమం. అన్నయ్యగారి దగ్గు ఎలా ఉంది? చలి తగ్గేదాకా ఆయనను పొద్దున్నే బయట తిరగనివ్వకండి.

మంచి కబురు. మీ బిడ్డకు మళ్ళీ మూడో నెల. నేను ఎవరికీ చెప్పకముందే పక్క క్వార్టరు సమ్మవ్వ పసిగట్టింది. మా వెనుక వాకిట్లో బట్టలారేసే తీగ ఆమె వంటింటి కిటికీకి ఎదురుగా ఉంటుంది. "ఏం వదినె, మూన్నెల్లసంది మీ తీగ మీద పాతబట్టలు కనబడుతలెవ్వు. దాస్తె దాగుతదా" అని నవ్వింది. మనవాళ్ళు నెలసరిలో దూరం కూర్చోరు కాబట్టి ఆమెకు ఆ తీగ ఒక్కటే ఆధారం.

పోయినేడు ఒకసారి, అంతకు ముందేడు ఒకసారి, ఇట్లాగే నాలుగో నెలలో పడేసరికి పోయింది. అందుకని ఈసారి దీనమ్మను మంచం దిగనివ్వడం లేదు. నల్లా దగ్గరికి నేనే పోతున్నాను. యేసుదానం మొదటి షిఫ్టు దిగి రాగానే బొగ్గుల పొయ్యి అంటిస్తున్నాడు. "అమ్మా, నేను పొయ్యి ఊదంగ మా గ్యాంగోళ్ళు సూస్తె నన్ను బొగ్గుబాయిల నిలవనియ్యరు" అంటాడు గాని, ఊదుతాడు.

పొద్దున పాలు, మధ్యాహ్నం నెయ్యి వేసిన అన్నం, సాయంత్రం రొట్టె, బెల్లం కలిపిన మలిద ముద్దలు పెడుతున్నాను. బొప్పాయి, నువ్వులు ఇంటికి రానివ్వడం లేదు. కొంచెం ఒళ్ళు చేసింది. మంచిదే.

బుధవారం స్త్రీల కూడికలో ప్రార్థన అంశంగా చెప్పాను. పాస్టరమ్మగారు దీనమ్మ పేరు పెట్టి ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. ఇన్ని నోళ్ళు అడిగినప్పుడు దేవుడు వినకుండా ఉండడు.

మీకేమైనా రాయాలా అని దీనమ్మను అడిగాను. "ఏం లేదత్తమ్మ" అంది. ఈ మధ్య మాట తగ్గించింది. సిగ్గు కాబోలు.

మిమ్మల్ని ప్రార్థనలో తలచుకునే
సుసన్నా

*

మందమర్రి
23 జనవరి 1971

ప్రియమైన సుసన్నా వదినకు,

యేసమ్మ వందనాలు. మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. "మనుమడస్తె నా దగ్గు నేనే బందు వెడత" అన్నారు. దగ్గు ఆయన చెప్పినట్టు వింటున్నట్టే.

మీరు మా బిడ్డను అంతగా చూసుకుంటున్నందుకు మాకు సంతోషం. నల్లా నుంచి బిందె మోసే వయసా మీది? ఆ మాట చదివి మనసు చివుక్కుమంది.

కాని ఒక సంగతి అడుగుతాను, వేరేగా అనుకోవద్దు. కంపెనీ దవాఖానలో చూపించారా? సంబంధం మాట్లాడుకున్న నాడు మా వరండాలో కూర్చుని మీతో చెప్పాను. దీనమ్మ పెద్దమనిషి అయినప్పటి నుంచీ ఆమెకు నెలనెలా రాదు. మూడు నెలలకు ఒకసారి, ఒక్కోసారి ఐదు నెలలకు. వచ్చిందంటే కుండ బోర్లించినట్టే. అప్పుడు మీరు, "పెండ్లయితె అన్ని సక్కగైతయి వదినె, దేవుడు సూసుకుంటడు" అన్నారు. మా అత్త కూడా అదే అనేది. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకటే మాట అనేసరికి నేనూ నమ్మాను.

ఇప్పుడు మూడు నెలలు రాలేదంటే అది పాత అలవాటో, కొత్త కబురో నాకు తెలియడం లేదు. వేవిళ్ళు ఉన్నాయా? దీనమ్మ నా కడుపున ఉన్నప్పుడు ఉల్లిగడ్డ తరిగితే నేను వీధిలోకి పోయేదాన్ని. ఆమెకు అలాంటివి ఏమైనా ఉంటే రాయండి. నా మనసు నిమ్మళపడుతుంది.

యేసుదానానికి మా దీవెనలు. పొయ్యి ఊదే అల్లుడు దొరికాడని ఇక్కడ అందరికీ చెప్పాను. అల్లుడి గ్యాంగువాళ్ళకు కూడా చేరుతుంది చూడండి.

మీ
యేసమ్మ

*

గోదావరిఖని
18 ఫిబ్రవరి 1971

యేసమ్మ వదినకు,

సుసన్నా వందనములు. కంపెనీ దవాఖానలో చూపించలేదు. అక్కడ ఆడ డాక్టరు లేరు. కడుపు నొక్కి చూస్తే నిలిచింది కూడా పోతుందని భయపడ్డాను. వేవిళ్ళు లేవు. కొందరికి ఉండవు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి దీనమ్మ స్నానాల గదిలో ఉంది. తలుపు తెరవమంటే చాలాసేపటికి తెరిచింది. ఈసారి ముందు రెండుసార్ల కంటే ఎక్కువ పోయింది. గడ్డలు గడ్డలుగా పడింది. ఆమెను పడుకోబెట్టి, నేను చేయవలసింది చేశాను. ముందు వాటిని పూడ్చిన వెనుక గోడ పక్కనే తవ్వాను. సమ్మవ్వ గోడ మీది నుంచి పార అందించింది. ఏమీ అడగలేదు. ఆమె ఏమీ అడగకపోవడం ఇదే మొదటిసారి.

మీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి ఉంది. లోకం చూడని బిడ్డలకు పేర్లు పెట్టకూడదంటారు. నేను పెట్టలేదు. కాని పొద్దుటి ప్రార్థనలో పెద్దోడు, నడిపిది అని తలుచుకుంటాను. మొదటిది మగబిడ్డ అని, రెండోది ఆడబిడ్డ అని నాకెందుకో అనిపించింది. ఇప్పుడు చిన్నది కూడా చేరింది.

యేసుదానం మరునాడు డ్యూటీకి పోయాడు.

కూడికలో ఈ సంగతి చెప్పవలసి వచ్చింది. ముందు అడిగింది నేనే కదా. పాస్టరమ్మగారు, "తల్లిగారింట్ల కొన్నొద్దులుంటె కడుపు సల్లవడ్తది" అన్నారు. ఇంకొకామె వేరే మాట అంది. అది నేను రాయను. కాని యేసుదానం నాకు ఒక్కడే కొడుకు. ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

మీరు వచ్చి దీనమ్మను తీసుకుపోండి. మళ్ళీ ఎప్పుడు పంపేదీ తర్వాత ఆలోచిద్దాం. బట్టలు ట్రంకుపెట్టెలో సర్దాను. నేను కోపంతో రాయడం లేదు. నాకిక నాలుగోసారి తవ్వే శక్తి లేదు.

సుసన్నా

*

మందమర్రి
26 ఫిబ్రవరి 1971

ప్రియమైన సుసన్నా వదినకు,

నేను రాను.

ఉత్తరం చదివి రెండు దినాలు అన్నం సహించలేదు. బిడ్డను చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా రాను. ఎందుకో చెప్తాను.

మా అక్క సారమ్మను మీరు చూడలేదు. ఆమెను కూడా కడుపు చల్లబడాలనే మా ఇంట్లో దింపిపోయారు. మళ్ళీ ఎప్పుడు తీసుకుపోయేదీ తర్వాత ఆలోచిద్దామనే అన్నారు. మా అక్క పదకొండేళ్ళు ఎదురుచూసి మా ఇంట్లోనే కన్నుమూసింది. ఆమె అత్తగారు చెడ్డ మనిషి కాదు వదినా. మీలాగే ప్రార్థన చేసుకునే మనిషి. అందుకే నాకు భయం. నేను వచ్చి దీనమ్మను రైలెక్కిస్తే ఆ పని నా చేతులతో నేనే చేసినట్టు.

ఇక్కడి బడి టీచరమ్మ చెల్లెలికి నెలసరి ఇట్లాగే తప్పిపోతుంటే మిషను దవాఖానలో చూపించారు. అక్కడ లేడీ డాక్టరు ఉన్నారట. ఓపికగా చూస్తారట. కాజీపేట దిగి బస్సెక్కాలి. దారి టీచరమ్మ రాసి ఇచ్చింది, ఇందులో పెడుతున్నాను.

దీనమ్మను మీరే తీసుకుపోండి. నేను తీసుకుపోవచ్చు. కాని అప్పుడు డాక్టరమ్మ ఏం చెప్పినా అది బిడ్డను వెనకేసుకొచ్చే తల్లి మాట అవుతుంది. మీ చెవులతో మీరు వింటే, మీరు విన్నట్టు. ఆమె చెప్పేది మా బిడ్డకు వ్యతిరేకంగా ఉంటే అప్పుడు రాయండి. ట్రంకుపెట్టె నేనే మోసుకొస్తాను.

మీ పాదాలు పట్టుకుని అడుగుతున్నాననుకోండి.

యేసమ్మ

*

గోదావరిఖని
9 ఏప్రిల్ 1971

యేసమ్మ వదినకు,

సుసన్నా వందనములు. మీరు చెప్పినట్టే తీసుకుపోయాను. రెండుసార్లు పోయాము. విన్నది విన్నట్టు రాస్తాను.

మొదటిసారి డాక్టరమ్మ దీనమ్మను లోపల చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టారు. గడ్డం కింద వెంట్రుకల సంగతి అడిగారు. దీనమ్మ దారంతో తీసుకుంటుందట. మూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, నాకు తెలియదు.

"వాంతులయ్యాయా?" అని అడిగారు.

"లేదమ్మ" అంది దీనమ్మ.

"తల తిరగడం, పులుపు మీద కోరిక?"

"లేదమ్మ."

"మరి గర్భమని నీకు ఎట్లా తెలిసింది?"

"నాకు తెల్వదమ్మ. అత్తమ్మ అన్నరు."

ఇద్దరూ నావైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

గర్భసంచి లోపలి పొర కొంచెం గీకి పరీక్షకు పంపి, మళ్ళీ రమ్మన్నారు. రెండోసారి కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఆడవాళ్ళకు గర్భసంచికి రెండు పక్కలా అండాలు తయారయ్యే చోట్లు ఉంటాయట. నెలకొక అండం పండి బయటికి రావాలట. దీనమ్మకు వాటి పైపొర మందంగా ఉంది. అండాలు సగం ఎదిగి లోపలే నీటిబుడగల్లాగా నిలిచిపోతున్నాయి. అండం రాకపోతే నెలసరి రాదు. లోపలి పొర మాత్రం పెరుగుతూ ఉండి, కొన్ని నెలలకు బరువై ఒక్కసారే పడిపోతుంది. చూసినవాళ్ళు గర్భం పోయిందనుకుంటారు. మొహం మీద వెంట్రుకలు, మొటిమలు, ఒళ్ళు చేయడం, అన్నీ ఈ ఒక్క జబ్బులోవే.

"అయితే ఈ మూడుసార్లు?" అని అడిగాను.

"గర్భం కాదమ్మా. మొన్నటిదాని జాడ పరీక్షలో ఏమీ లేదు. ముందు రెండిటికి నేను సాక్షిని కాను. కాని ఈమె ఒంటి తీరు చూస్తే అవీ ఇటువంటివే అంటాను" అన్నారు.

నేను పెట్టిన పాలు, నెయ్యి, మంచం మంచివి కావట. బరువు పెరిగిన కొద్దీ జబ్బు ముదురుతుందట. నడవాలి, పని చేసుకోవాలి అన్నారు.

ఆపరేషను చేసి, అండాలు తయారయ్యే ఆ రెండు చోట్ల నుంచీ చిన్న ముక్క కోసి తీసేస్తారట. దానితో నెలసరి దారిలో పడవచ్చు. పిల్లల సంగతి అడిగితే, "కొందరికి అవుతారు, కొందరికి కారు. మాట ఇవ్వను" అన్నారు. రెండోసారి మాతో వచ్చిన యేసుదానం ఒకటే అడిగాడు, "కోస్తె బతుకుతదా?" అని. బతుకుతుందన్నారు. సంతకం పెట్టాడు.

మే మొదటి వారంలో రమ్మన్నారు. తోడు మీరు ఉండండి. నేను రాలేను.

ఇంతే సంగతి.

సుసన్నా

*

మందమర్రి
14 జూన్ 1971

సుసన్నా వదినకు,

యేసమ్మ వందనాలు. దీనమ్మను మీ ఇంట్లో దింపి వచ్చి రెండు వారాలైంది. కుట్లు బాగా మానాయని నమ్ముతున్నాను.

డాక్టరమ్మ నాకు కూడా అదే బొమ్మ గీసి చూపించారు. ఆ మాట విన్ననాడు దవాఖాన వరండాలోనే మోకాళ్ళూని స్తుతించాను. నా బిడ్డ ఎవరినీ పోగొట్టలేదు. నా బిడ్డ కడుపు శపించబడలేదు. పక్కమంచం ఆమె లేచి కూర్చుని, "ఏంది, మొగపిల్లగాడా" అని అడిగింది. అంతకంటే మంచి కబురే అన్నాను.

మీకూ అంతే సంతోషం అవుతుందనుకున్నాను. కాని దీనమ్మను తీసుకుని మీ గుమ్మం ఎక్కినప్పుడు మీరు తలుపు తీశారు, మంచినీళ్ళు ఇచ్చారు, వంటింట్లోకి పోయారు. నేనున్న రెండు దినాల్లో దీనమ్మ మొహంలోకి ఒక్కసారి కూడా చూడలేదు. తప్పు లేదని తేలిన తర్వాత కూడా ఈ మౌనం దేనికో నాకు అర్థం కావడం లేదు.

ఫిబ్రవరిలో మీరు తీసుకుపొమ్మన్నారు, నేను రానన్నాను. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. బిడ్డను నాకు పంపించండి. ఎవరూ పలకరించని ఇంట్లో ఆమెను ఉంచడం కంటే నలుగురి మాటలు పడడం నాకు తేలిక. మా అక్క సంగతి నేను మరిచిపోలేదు. మరిచిపోకుండానే అడుగుతున్నాను.

ఆయన మాత్రం, "తొందరపడకె, ఆమె గుండెల ఏమున్నదో నీకేమెరుక" అంటున్నారు. నాకు తెలియదు నిజమే. మీరు రాస్తే తెలుస్తుంది.

యేసమ్మ

*

(కార్డు)
మందమర్రి
20 ఆగస్టు 1971

సుసన్నా వదినకు,

మీ నుంచి జవాబు లేదు. నేను బయలుదేరేదాన్నే. దీనమ్మ కార్డు రాసింది, "అమ్మా, నేను చెప్పిందాక రాకు" అని. ఆ ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. అందుకే ఆగాను. ఎన్నాళ్ళు ఆగగలనో తెలియదు.

యేసమ్మ

*

గోదావరిఖని
7 అక్టోబరు 1971

ప్రభువునందు ప్రియమైన యేసమ్మ వదినకు,

సుసన్నా వందనములు. ఇన్ని నెలలు జవాబు రాయలేదు. మీకు కోపం వచ్చి ఉంటుంది. రావలసిందే.

డాక్టరమ్మ మాట మీకు బిడ్డను తిరిగి ఇచ్చింది. నా దగ్గర నుంచి ముగ్గురిని తీసుకుపోయింది. పొద్దున్నే ప్రార్థనకు కూర్చునేదాన్ని. పెద్దోడు అనగానే నోరు ఆగిపోయేది. పోయిన బిడ్డలను దేవునికి అప్పగించవచ్చు. అసలు లేని బిడ్డలను ఎవరికి అప్పగించాలో నాకు ఎవరూ నేర్పలేదు. పాస్టరమ్మగారిని అడగడానికి సిగ్గేసింది. దీనమ్మను చూస్తే, ఆమె తప్పు లేదని నాకు తెలుసు. తెలిసి కూడా చూడలేకపోయాను. ఇది మీ బిడ్డ మీద కోపం కాదు. ఏడవడానికి కూడా నాకు హక్కు లేని ఏడుపు అది.

ఆ ఏడుపు ఇప్పుడు తగ్గింది. ఎలా తగ్గిందో తెలియదు. ఒక పొద్దున ఆ పేర్లు అనకుండానే ప్రార్థన ముగిసింది. ముగిసిన తర్వాత గాని నాకు గుర్తుకు రాలేదు.

దీనమ్మకు జూలై నుంచి నెలనెలా వస్తోంది. నల్లా దగ్గరికి తనే పోతోంది. సాయంత్రం యేసుదానంతో కలిసి రైల్వే గేటు దాకా నడిచి వస్తోంది. సమ్మవ్వ తీగ వైపు చూసి, "మల్లచ్చెనా బిడ్డా, అయ్యో" అంది మొదటి నెల. దీనమ్మ, "అయ్యో అనకు సమ్మవ్వ, అచ్చేటందుకె కడుపు కోయిచ్చుకున్న" అని జవాబిచ్చింది. సమ్మవ్వ పనులన్నీ ఆపి ఆ సంగతంతా చెప్పించుకుంది. అందుకు ఒక పూట పట్టింది.

కూడికలో మాత్రం ఏమీ మారలేదు. పాస్టరమ్మగారు ప్రతి బుధవారం, ముగ్గురు బిడ్డలను పోగొట్టుకున్న నీ దాసురాలు దీనమ్మ అనే ప్రార్థిస్తూ వచ్చారు. నేను తల వంచుకుని ఆమేన్ అంటూ వచ్చాను. ఆ పక్కనే దీనమ్మ కూర్చుని ఉండేది. ఆమె ఆమేన్ అనేది కాదు. నేను గమనించాను.

పోయిన వారం మీ ఉత్తరం, కార్డు ఆమె ముందు పెట్టాను.

"మీ అమ్మ రమ్మంటున్నది. పోతవా బిడ్డా?" అని అడిగాను.

"ఈ ఇంట్ల నన్ను అడుగుడు ఇదే మొదలు" అంది.

నేను పీట లాక్కుని ఆమె ఎదుట కూర్చున్నాను.

"పోత. మా బాపును సూడాలె. కని ఇప్పుడే పోను. ఇప్పుడు పోతె మీ కూడికోళ్ళు ఎల్లగొట్టిన్రనే అనుకుంటరు. కడుపైందని వాళ్ళకు చెప్పింది మీరు. పోయిందని చెప్పింది మీరు. అసలు కానేలేదని గూడ మీరే చెప్పాలె అత్తమ్మ."

"గంత మందిల ఎట్ల చెప్పాలె? ఆడోళ్ళ సంగతి" అన్నాను.

"అప్పుడెట్ల చెప్పిన్రు?" అంది.

గొంతు పెంచలేదు. బియ్యం చెరుగుతూనే అంది.

నిన్న బుధవారం. సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళలో నేను సాక్ష్యం చెప్పింది తక్కువ. అందరూ నా వైపు తిరిగారు. నేను చెప్పింది రాస్తాను.

"అక్కలారా, నా కోడలు బిడ్డలను పోగొట్టుకోలె. ఆమెకు కడుపు కానేలేదు. నెలసరి రాకపోతె కడుపని నేనె అనుకున్న, నేనె మీకు చెప్పిన. అది ఒక జబ్బు. గర్భసంచి పక్కల అండం పండుతలేదు. డాక్టరమ్మ కోసి నయం జేసింది. నాలుగు నెలలసంది నా కోడలికి నెలనెలా అస్తున్నది. దానికోసం దేవునికి స్తోత్రం. ఇగ మీరు ముగ్గురు బిడ్డలని ప్రార్థన చెయ్యద్దు."

ఎవరూ ఆమేన్ అనలేదు. నెలసరి కోసం స్తోత్రం చెప్పడం ఆ గదిలో ఎవరూ విని ఉండరు. పాస్టరమ్మగారు పాటల పుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. వెనుక వరుసలోంచి ఎవరో ముసలామె, "ఆమేన్ అనుండ్రె, మంచి మాటే గద" అంది. అప్పుడు ఇద్దరు ముగ్గురు అన్నారు. దీనమ్మ కూడా అంది. నాకు వినిపించింది.

కూడిక అయ్యాక మెట్ల దగ్గర ఒకామె నా చేయి పట్టుకుంది. ఆమె బిడ్డకు పదిహేడేళ్ళు, నెలసరి ఇట్లాగే తప్పిపోతుందట, సంబంధాలు చూస్తున్నారట. "ఆ దవాఖాన యాడ వదినె" అని చెవిలో అడిగింది. పెండ్లికి ముందే తీసుకుపొమ్మని చెప్పాను. తోడు వస్తానన్నాను.

దీనమ్మ వీధి చివరి దాకా నాకంటే ముందు నడిచింది. అక్కడ ఆగింది. నేను చేరుకున్నాక, "అత్తమ్మ, ఇగ నెలనెలా వాళ్ళకు రిపోర్టియ్యాలె గావచ్చు" అంది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. షిఫ్టు దిగి వస్తున్న మగవాళ్ళు మా ఇద్దరిని చూసుకుంటూ పోయారు.

పిల్లల సంగతి మీరు అడగలేదు, నేనూ రాయను. దేవునికి ఆమె పేరు ఒక్కటే చెప్తున్నాను. దాని వెనుక ఏ కోరికా చేర్చడం లేదు.

వచ్చే శుక్రవారం పాసింజరు బండికి వస్తోంది. యేసుదానం దిగబెడతాడు. ఎన్నాళ్ళుంటావని నేను అడగలేదు. తనే చెప్పింది, మంగళవారానికల్లా వచ్చేస్తానని.

"అంత జల్ది ఎందుకు బిడ్డా, ఉండిరా" అన్నాను.

"బుధారం కూడిక ఉన్నది గద. వాళ్ళు నన్ను ఈడ సూడాలె" అంది.

మీ ఇద్దరికీ దేవుని తోడు కోరుతూ,
మీ వదిన
సుసన్నా